సొరంగం మింగిన ఇడ్లీ పిండి

తినడానికే వెళ్తున్న ఊరికి తిండి మోసుకెళ్ళే మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే మా ఇంటికి రండి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ నన్ను నేను చూపిస్తాను. అరకులో బొంగు చికెన్ తిందాం, కొండ కాఫీ తాగుదాం, చోడంబలి రుచి చూద్దాం అని ఆంధ్రా యూనివర్సిటీలో కలిసి చదువుకున్నవాళ్ళం వాట్సాప్‌లో ఒకళ్ళనొకళ్ళం నెలల తరబడి ఊరించుకున్నాం. తీరా బయల్దేరే రోజు నేను తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపాను. దానికి తోడు చేగోడీలు, గోంగూర పచ్చడి, కారప్పొడి, పెరుగన్నం. ఇవన్నీ చాలవన్నట్టు ఫ్లాస్కు నిండా ఫిల్టర్ కాఫీ. అవును, అరకుకే. కాఫీయే.

"ఏమే, మనం వెళ్తున్నది అరకుకా, కాశీకా?" అంది స్టేషన్లో నా సంచులు చూసి తెలుగు.

తెలుగు అంటే భాష కాదు, మా స్నేహితురాలు. మేం పేర్లు పెట్టి పిలుచుకోం, చదివిన డిపార్టుమెంటే పేరు. జియాలజీ, ఎకనామిక్స్, తెలుగు, నేను స్టాటిస్టిక్స్. నా చదువుతో పెళ్ళయ్యాక నేను వేసిన లెక్కలన్నీ పాలవాడివే. అయినా ఆ పేరు మాత్రం నిలబడిపోయింది.

అసలు ఈ ప్రయాణానికి తేదీ కుదరడమే ఒక పంచాయితీ. యూనివర్సిటీ పుట్టింది 1926లో, నూరేళ్ళు నిండబోతున్నాయి, ఆ వంకనైనా ఒకసారి కలుద్దామని ఎకనామిక్స్ మొదలుపెట్టింది. వలిసె పూలు విరగబూసే కార్తీకంలో వెళ్దామంది తెలుగు. కార్తీకంలో కోడి మాట ఎత్తితే మా అత్తగారు నన్ను గడప తొక్కనివ్వరు. పోనీ మార్గశిరం అంటే, ఆ నెల గురువారాలు విశాఖపట్నం ఆడవాళ్ళకి బురుజుపేట కనకమహాలక్ష్మివి. సోమవారం శివుడిది, శనివారం వెంకన్నది, మంగళ శుక్రవారాల సంగతి చెప్పనే అక్కర్లేదు. బుధవారం ఎవరికీ సెలవు లేదు. చదువుకున్న స్టాటిస్టిక్స్ అంతా ఉపయోగించి చూస్తే వారం మొత్తంలో నా కోడికి మిగిలింది ఆదివారం ఒక్కటే. సరే, మార్గశిరంలోనే శని, ఆదివారాలు అనుకున్నాం. శనివారం వాళ్ళు తింటారు, నేను చూస్తాను. ఆదివారం నేను తింటాను, వాళ్ళు చూడాలి.

ఇంట్లో ఉండేది ఇద్దరు. పోర్టులో పనిచేసి రిటైరైన మా ఆయన, ఎనభై దాటిన మా అత్తగారు. నేను లేకుండా వాళ్ళు బతికి బట్టకట్టాలంటే పూటపూటా ఏం చెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఒకవైపు చాలక వెనకవైపు కూడా రాశాను. అంటించిన కాగితానికి వెనకవైపు కనబడదన్న సంగతి రైలెక్కాక తట్టింది.

అందుకే ఫోను తీశాను. జరిగినదానికంతటికీ ఆ కాగితమే కారణం.

కిరండూల్ రైలుకి తగిలించిన అద్దాల పెట్టెలో మా సీట్లు. 2017లో వచ్చిందీ పెట్టె. పైకప్పుకీ అద్దాలే, కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. అందరూ కొండల వైపు తిప్పుకున్నారు. నేను సిగ్నల్ వచ్చే వైపు తిప్పుకున్నాను.

శృంగవరపుకోట, బొడ్డవర దాటేదాకా రైలు బుద్ధిగానే నడుస్తుంది. శివలింగపురం నుంచి కొండెక్కడం మొదలుపెడుతుంది. ఈ దారి వేసింది మనం లోయలు చూసి మురిసిపోవడానికి కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపానుకి పంపడానికి 1960లలో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. ఆ ఖనిజం లెక్కలు పోర్టులో మా ఆయన ఉద్యోగమంతా రాశారు. అంటే మా పిల్లల చదువులు, మా ఫ్లాటు, ఆ ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆ సొరంగాల చలవే. పాత బాకీ వసూలు చేసుకోవడానికి అవి ఆ రోజే ముహూర్తం పెట్టుకున్నాయి.

"ఏవండీ, ఫ్రిజ్‌లో కింది అరలో స్టీలు గిన్నె ఉంది, చూశారా?"

"చూశాను."

"అందులో ఇడ్లీ పిండి ఉంది. తీసి బయట పెట్టండి. చల్లదనం పోవాలి కదా, ఒక గంట ఆగి..."

సొరంగం.

చీకట్లో నేను చెబుతూనే ఉన్నాను. ఉప్పు సరిచూసుకోండి, కుక్కర్‌కి విజిల్ తీసెయ్యండి, పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి, పై అరలో మొన్నటి రసం ఉంది, అది మాత్రం...

వెలుగు.

"...పారబొయ్యండి. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నారాయన. ఒక్క క్షణం ఆగి, "మొత్తమా?"

"మొత్తమే! అట్టే పెట్టుకుని ఏం చేస్తారు? అత్తయ్యకైతే అస్సలు పెట్టకండి."

మళ్ళీ సొరంగం.

చెప్పాల్సింది చెప్పేశానన్న తృప్తితో ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. మధ్యమధ్యలో జియాలజీ "అదిగో, అటు చూడు" అంటూనే ఉంది. అన్నప్పుడల్లా చూశాను. నేను తలెత్తేసరికి లోయ వెనక్కి వెళ్ళిపోయి రాతిగోడ వచ్చేది. ఆ రాయి పేరేమిటో, వయసెంతో జియాలజీ చెప్పింది కూడా. నా చెవులు సిగ్నల్ లేని ఫోను దగ్గరే ఉండిపోయాయి.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. చేగోడీల డబ్బా మీద మొదటి హక్కు గుహల ముందుండే కోతులదని అక్కడే తెలిసింది. లోపలికి దిగుతూ ఉంటే గైడు కుర్రాడు పాఠం మొదలుపెట్టాడు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర ఈ గుహల్ని కనిపెట్టాడన్నాడు.

"బాబూ, ఆ సర్వే పుట్టిందే 1851లో," అంది జియాలజీ.

కుర్రాడు ఏమాత్రం తొణకలేదు. "అయితే దొరగారు ముందే వచ్చేసుంటారమ్మా," అన్నాడు.

దొర రాకముందే ఒక ఆవు పైకప్పులోని కంతలోంచి లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని ఊళ్ళో చెప్పుకునే కథ కూడా చెప్పాడు. నాకైతే ఆ కాపరే సరైన శాస్త్రజ్ఞుడనిపించాడు. పోయిన వస్తువు కోసం గుహలోకైనా దిగేవాళ్ళంటే నాకు గౌరవం.

గుహలో చూడాల్సింది చాలా ఉంది. సున్నపురాయిని కరిగించుకుంటూ పైనుంచి నీళ్ళు చుక్కచుక్కగా జారతాయి. చుక్క వదిలిపోయిన సున్నం పేరుకుని పేరుకుని పైనుంచి ఊడలు దిగాయి, కిందనుంచి గుట్టలు లేచాయి. కుర్రాడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ అంటూ వరసగా చూపిస్తున్నాడు. నాకు మాత్రం ఎటు చూసినా పొంగి గిన్నె దాటి కారిపోయి ఎండిన ఇడ్లీ పిండే కనబడింది. గంట తర్వాత కుక్కర్‌లో పెట్టారో లేదో!

ఎకనామిక్స్‌కి కనబడినవి వేరు. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో ఇచ్చిన గనుల లీజుల మీదే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో తీర్పు వచ్చిందని చెప్పింది. గుహ గోడ మీద చెయ్యి వేసి, "ఆ కేసే లేకపోతే ఈ కొండలు ఇలా ఉండేవా?" అంది. నేను తలూపాను. తలూపుతూనే సంచిలో ఫోను తీసి చూశాను. సున్నపురాయి కింద సిగ్నలేమిటి, నా మొహం!

బయటికొస్తే వరసగా బొంగు చికెన్ బడ్డీలు. ఆ రోజు శనివారం కాబట్టి నేను ప్రేక్షకురాలిని. తినకూడని రోజున వంట చూడ్డం ఎంత ప్రమాదమో నాకు తెలియలేదు. తినేవాళ్ళకి నోరు పనిలో ఉంటుంది, నా నోరు ఖాళీ. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టింది ఆ బడ్డీ ఆవిడ. నూనె చుక్క లేదు, నీళ్ళు లేవు. నేను ఊరుకోగలనా?

"నూనె లేకపోతే అంటుకుపోదూ?"

"పచ్చి బొంగు గదమ్మా. దాన్లోనే నీరుంటాది."

"గసగసాలు వెయ్యరా?"

"ఎయ్యం."

"ధనియాల పొడైనా వేసి చూడండి, ఎలా ఉంటుందో."

ఆవిడ ఏమీ అనలేదు, బొంగుని ఒక చుట్టు తిప్పింది. తిప్పుతూ ఉండకపోతే ఒక పక్కే మాడిపోతుందట. రోజూ ఇంట్లో ఇదే తింటారా అని అడిగాను. "రోజూ కోడెక్కడిదమ్మా? ఇంటికాడ చోడంబలే," అని నవ్వి, "మీ ఇంటికాడ ఎవులొండుతున్నారు ఇయ్యేళ?" అంది.

అడక్క అడక్క నన్నే అడిగింది. కాగితం సంగతి, రసం సంగతి, అత్తగారి బీపీ, ఆయన గ్యాస్ వెలిగించి లైటర్ ఎక్కడ పెడతారో మరిచిపోవడం, అన్నీ చెప్పుకొచ్చాను. బొంగు ఇంకో రెండు చుట్లు తిరిగింది.

"మరి మీ ఇంట్లో?" అన్నాను, సాటి బాధితురాలు దొరికిందన్న ఆశతో.

"మా ఇంటాయనున్నాడు. ఆకలేత్తే ఒండుకుంటాడు."

ముగ్గురూ ఒక్కసారిగా నా మొహం చూశారు. నేను కోతుల్ని చూశాను.

అనంతగిరి కొండల మీదుగా అరకు చేరేసరికి సాయంత్రమైంది. మేం దిగిన చోట చలిమంట వేసి థింసా ఆడించారు. ఆ ఆట గిరిజనులు తమ ఇటుకల పండగకీ పెళ్ళిళ్ళకీ ఊళ్ళలో ఆడుకునేది. మాబోటి వాళ్ళ కోసం రాత్రిపూట మంట ముందు ఆడటం వాళ్ళకి అదనపు పని. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే పక్కపక్కన నిలబడి, ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు కలిపి గొలుసు కడతారు. అందరి అడుగూ ఒకేసారి పడాలి. మమ్మల్నీ ఆ గొలుసులో కలిపారు. ఒక పక్క ఎకనామిక్స్, ఇంకో పక్క నా కంటే బాగా పెద్దదైన ఒక అవ్వ. ఆవిడ పట్టు ఉడుం పట్టే.

నడుముకి దోపుకున్న ఫోను సరిగ్గా అప్పుడు మోగింది. పొద్దుణ్ణుంచీ లేని సిగ్నల్ అరకులో దొరికిందన్నమాట. నా రెండు చేతులూ ఇతరుల వీపుల వెనక చిక్కుకుని ఉన్నాయి. వదిలించుకోబోతే అవ్వ మరింత గట్టిగా పట్టుకుంది, పడిపోతున్నాననుకుని కాబోలు. ఫోను మోగుతోంది, గొలుసు మెలికలు తిరుగుతోంది, నేను ముందుకి వెయ్యాల్సిన అడుగు వెనక్కి వేస్తున్నాను. తెలుగు ఇదంతా వీడియో తీసింది. ఆ వీడియో ఇప్పటికీ గ్రూపులో తిరుగుతోంది, మా అమ్మాయి దగ్గరికి కూడా వెళ్ళింది.

ఆట అయ్యాక చూస్తే ఆయన దగ్గర్నుంచి రెండు సందేశాలు. మొదటిది: "పారబోశాను. నువ్వు చెప్పినట్టు గంట ఆగాకే." రెండోది: "రసం చాలా బాగుంది. అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది."

రెండూ మళ్ళీ మళ్ళీ చదివాను. పన్నెండు నిమిషాల ఉడుకు, ఉప్పు, విజిలు, పై అర, అన్నీ కొండ కడుపులో ఉండిపోయాయి. జపానువాడి ఇనుము కోసం తవ్విన సొరంగం మా ఇడ్లీ పిండిని మింగి, మొన్నటి రసానికి ప్రాణభిక్ష పెట్టింది.

ఆ రాత్రి చలి వణికించింది. వాళ్ళు ముగ్గురూ రజాయిల్లో దూరి హాయిగా నిద్రపోయారు. ఉద్యోగం మానమని పిల్లలు చెప్పినా వినని తెలుగు, మనవణ్ణి వదిలొచ్చిన జియాలజీ, వీళ్ళకీ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళలో ఫ్రిజ్‌లున్నాయి. రసం పులిసి అత్తగారికి కడుపునొప్పి వస్తుందేమోనన్న ఆలోచన ఒక పక్క, రాకపోతే నా మాటకి విలువేం మిగులుతుందన్న ఆలోచన ఇంకో పక్క. రెండోదే ఎక్కువ సేపు మేలుకోబెట్టింది. ఇది మా అత్తగారు చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న ఆవిడ కులాసాగా ఉన్నట్టు రుజువొచ్చింది. వీధి చివరి హోటల్ పూరీ తింటున్న ఫొటో. ఆవిడకి నూనె పడదని నేను పూరీ వెయ్యడం మానేసి ఎన్నేళ్ళయిందో! ఫొటోలో ఆవిడ నవ్వు చూసి ముగ్గురు స్నేహితురాళ్ళూ "ఎంత బాగున్నారే" అన్నారు.

ఆ దుఃఖంలో కాఫీ దుకాణానికి వెళ్ళాను. ఫ్లాస్కు కాఫీ ముందురోజే చల్లారి విషమైంది. వీళ్ళమ్మే కాఫీ అరాబికా రకం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియపు తీగలు పాకించి, గిరిజన రైతులు చిన్న చిన్న తోటల్లో పెంచుతారు. పండు ఎర్రబడ్డాక ఒక్కొక్కటి చేత్తో కోస్తారు. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీకి దుకాణమే తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత ఘనత ఉన్న కాఫీని కుర్రాడు పాలు, పంచదార లేకుండా కప్పులో పోసి నా ముందు పెట్టాడు.

ఒక గుక్క తాగి, "బాబూ, చికరీ లేదా?" అన్నాను.

వాడు నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. పాలడిగాను. తెచ్చాడు. పంచదార అడిగాను. తెచ్చాడు. మరి కాస్త పంచదార అడిగాను. డబ్బా నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. చివరికి కప్పులో ఉన్నది అచ్చం మా ఇంటి కాఫీయే. చాలా బాగుందని పొగిడి పొడి కూడా కొన్నాను. ఆ పొడిలో ఇంటికొచ్చాక చికరీ కలిపేశాను, పారిస్‌లో ఎవరికీ చెప్పకండి.

గిరిజన మ్యూజియంలో మిగతా ముగ్గురూ నగలు, బాణాలు చూశారు. నేను తిరగలి దగ్గర ఆగిపోయాను. దాని పిడి వదులైనట్టుందని కాపలా ఉన్నాయనకి చెప్పాను కూడా.

దారిలో సంత తగిలింది. నిజానికి ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా బతికింది ఆ సంతలోనే. పసుపు కొమ్ములు, అల్లం, చింతపండు, చోళ్ళు, సామలు, రాజ్‌మా, అడ్డాకులు. గిరిజనులు కొండల మీదనుంచి తెల్లవారకముందే బయల్దేరి తలమీద మోసుకొచ్చి గోనెపట్టాల మీద పరుచుకు కూర్చున్నారు. అలవాటు చొప్పున పసుపు దగ్గర బేరం మొదలుపెట్టాను. ఎకనామిక్స్ నా భుజం గిల్లింది. సావుకార్లు తూకంలోనూ ధరలోనూ వీళ్ళని ముంచుతున్నారనే 1956లో గిరిజన సహకార సంస్థని పెట్టాల్సి వచ్చిందని, ఆ సావుకార్ల పాత్ర ఇప్పుడు నేను పోషించక్కర్లేదని చెవిలో చెప్పింది. అడిగినంతా ఇచ్చేశాను. ఆ పౌరుషంలోనే రెండు కట్టల కొండచీపుళ్ళు కూడా కొన్నాను. అరకు అందాలు చూడ్డానికి వెళ్ళి చీపుళ్ళతో తిరిగొచ్చిన ఆడవాళ్ళలో నేను మొదటిదాన్ని కాను. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో వాటి గిరాకీ చూస్తే తెలుస్తుంది.

మధ్యాహ్నం నా వంతు కోడి వచ్చింది. బొంగు చీల్చి ఆకులో దులిపారు. ఆవిరిలో పచ్చి వెదురు వాసన. నూనె లేదు, గసగసాలు లేవు, ధనియాలు లేవు. నా తర్వాత ఎవరికీ మిగలనూ లేదు. "ధనియాల పొడి వేస్తే ఎలా ఉండేదే?" అని జియాలజీ అడిగింది. ఎముక నోట్లో ఉన్నప్పుడు మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది.

ఆఖరి వలిసె పూలు పసుపుపచ్చగా మెరుస్తున్న చేలో డబ్బిచ్చి ఫొటోలు దిగి, రాత్రికి బస్సులో ఇల్లు చేరాను. చీపుళ్ళు ఘాట్ రోడ్డు మలుపుల్లో వెనకసీటాయనకి ఎన్నిసార్లు తగిలాయో ఆయనకే తెలియాలి.

తలుపు తియ్యగానే వంటింట్లోకి నడిచాను. శుభ్రంగా ఉంది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి, గట్టు తుడిచి ఉంది. నిలదీయడానికి ఒక్క మరక లేదు. ఫ్రిజ్ మీద కాగితం తిరగేసి అంటించి ఉంది. అంటే వెనకవైపు కూడా చదివారు! ఇడ్లీ ఎన్ని నిమిషాలు ఉడకాలో అందులో స్పష్టంగా రాశాను.

"ఇది చదివి కూడా పిండి పారబోశారా?"

"కాగితం శుక్రవారంది. ఫోను శనివారంది," అన్నారు మా ఆయన. "కొత్త ఆర్డరు వస్తే పాతది చెల్లదు కదా."

పోర్టు సర్వీసు ముందు నా దగ్గర వాదన లేదు. చీపుళ్ళు తీసి మూల పెట్టాను. అత్తగారు వాటిని తడిమి చూసి, మంచివి తెచ్చానన్నారు. తర్వాత తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?" అన్నారాయన, పేపరు మడిచి. "రెండ్రోజులంటే బొత్తిగా హడావిడి. ఈసారి పాడేరు దాకా వెళ్ళండి. వంజంగి కొండ మీద మబ్బులు కాళ్ళ కింద ఉంటాయట. లంబసింగి కూడా అటే. నాలుగైదు రోజులైతే గానీ కుదరదు."

లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు వినబడింది.

"పాడేరెందుకురా? ఆ రైలు కిరండూల్ దాకా వెళ్తుందన్నావుగా!"